డిక్కీలో సబ్‌వూఫర్, ఇంట్లో గొడవ: తీసేయాలా, సరిచేయాలా?

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు ఫొటోలతో సహా పెద్ద ఉత్తరం రాశారు. వయసు 26. ఇంట్లో ఉన్నది ఒకటే కారు, నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కొన్ని నెలల క్రితం పెద్దబావగారు తన కారు అమ్మేస్తూ, అందులోని 12 అంగుళాల సబ్‌వూఫర్‌ని (బేస్ శబ్దం ఇచ్చే పెద్ద స్పీకర్), దాన్ని నడిపే రెండు ఛానెళ్ల ఆంప్‌ని (ఆంప్లిఫయర్) ఈయనకు ఇచ్చారు. ఊళ్లోనే ఒక షాపులో బిగించారు. సబ్‌లో రెండు కాయిల్స్ (స్పీకర్‌ని కదిలించే తీగచుట్టలు) ఉన్నాయి, ఒక్కోటి 4 ఓమ్స్ (కరెంటుకు ఎదురయ్యే రెసిస్టెన్స్ కొలత), మొత్తం 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా భరించగల పవర్). ఆంప్ అడుగున స్టిక్కర్ మీద 4 ఓమ్స్‌కి ఛానెల్‌కి 100 వాట్లు, 2 ఓమ్స్‌కి 150, బ్రిడ్జ్ చేస్తే (రెండు ఛానెళ్లనీ ఒకటిగా కలిపితే) 4 ఓమ్స్‌కి 300 అని ఉంది.

మొదట్లో బ్యాటరీ దగ్గరి 40 ఆంపియర్ల ఫ్యూజ్ మాటిమాటికీ పోయేది. షాపతను దాని బదులు 100 పెట్టి, “ఇక మీకు టెన్షన్ లేదు” అన్నాడట. నిజంగానే అప్పటినుంచి ఫ్యూజ్ పోలేదు. కానీ బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. అరగంట పాటలు పెడితే ఆంప్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, దానంతటదే ఆగిపోతోంది. డ్రైవర్ వైపు కార్పెట్ కింద వైరు ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది. రెండుసార్లు పొద్దున్నే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి కారు స్టార్ట్ కాలేదు. పోయిన వారం కొవ్వూరు నుంచి వస్తుంటే కారులో కాలిన వాసన వచ్చిందట. నాన్నగారు బండి పక్కకు ఆపేసి, “నువ్వు తీయిస్తావా, నన్నే కోసి పారేయమంటావా” అన్నారు. తీసేస్తే బావగారు ఏమనుకుంటారోనని అమ్మగారి దిగులు. వచ్చే నెలలో చెల్లెలి పెళ్లి. ఆ తర్వాత అన్నవరంలో వ్రతానికి ఇంటిల్లిపాదీ ఈ కారులోనే వెళ్లాలి.

“వైరింగ్ నేనే మళ్లీ చేసుకోవచ్చా? వేరే షాపుకు ఇవ్వాలా? తీసేయడమే మంచిదా? నాన్న అనవసరంగా భయపడుతున్నారా?” అని అడిగారు.

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నాన్నగారు అనవసరంగా భయపడటం లేదు. కోపంగా అన్నారు కానీ, ఆయన పసిగట్టింది నిజమే. మీ కారులో ఇప్పుడున్న వైరింగ్‌తో ఎవరూ ప్రయాణం చేయకూడదు. అలాగని సబ్ తీసేస్తే తప్ప దారి లేదని కూడా కాదు. ఈ రెండు విషయాలూ వేరువేరు. ఇంట్లో అవి కలిసిపోవడం వల్లే గొడవ పెద్దదయింది.

మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, బానెట్ ఎత్తండి. 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు విప్పండి. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రాకుండా ఉండటానికే ఈ వరస. తర్వాత పాజిటివ్ దగ్గర ఆంప్‌కి వెళ్లే ఎర్ర వైరు ఒక్కటీ విప్పి, దాని కొసకు ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టి, దేనికీ తగలకుండా పక్కకు కట్టేయండి. మళ్లీ నెగటివ్ బిగించండి. గడియారం టైము మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు, అంతే. కారు మామూలుగా నడుస్తుంది, ఆంప్‌కి మాత్రం కరెంటు అందదు. ఆ వైరు విప్పానని నాన్నగారికి ఇవాళే చెప్పండి. ఏ దారి ఎంచుకోవాలో ఆలోచించుకోవడానికి మీకు సమయం దొరుకుతుంది, ఆయనకు స్థిమితంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో చూద్దాం.

బ్యాటరీ దగ్గర ఉండే ఫ్యూజ్ ఆంప్‌ని కాపాడటానికి పెట్టేది అనుకుంటారు చాలామంది. అది కాపాడేది వైరుని. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా సుమారు ఐదు మీటర్ల వైరు ఇంజన్ పక్కనుంచి, ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్య ఉన్న ఇనప గోడలోని రంధ్రం గుండా, కార్పెట్ కిందుగా, సీట్ల పక్కగా పోతుంది. దారిలో ఎక్కడైనా దాని తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, అక్కడికి ముందే కరెంటు ఆగిపోవాలి. అందుకే ఫ్యూజ్‌ని బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, 45 సెంటీమీటర్ల లోపే పెడతారు. ఆ వైరు ఎంత కరెంటు భరించగలదో దాన్ని మించి ఫ్యూజ్ ఉండకూడదు.

మీ వైరు 8 గేజ్ (వైరు మందం కొలత) అని రాశారు. మీరు తొడుగు కోసి తీసిన ఫొటో చూశాను. పోగుల కొసలు తెల్లగా మెరుస్తున్నాయి. అది రాగి కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. అదే మందం రాగి వైరుతో పోలిస్తే దీని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లకు పైనే. ఐదు మీటర్ల ఈ వైరులో 40 ఆంపియర్లు పారితే పాతిక వాట్ల వేడి పుడుతుంది, అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ ఆన్‌లో ఉన్నంత. ఆ వేడి వైరంతా పరుచుకుంటుంది కాబట్టి వెచ్చగా అనిపించి ఊరుకుంటుంది. కానీ అల్యూమినియం పోగులు స్క్రూ కింద వేడికి వ్యాకోచించి, చల్లారాక వదులవుతాయి. వదులైన చోట వేడి ఒక్క బిందువులో చేరుతుంది. ఫ్యూజ్ హోల్డర్ ప్లాస్టిక్ ఒకవైపు ఉబ్బి గోధుమ రంగుకు తిరిగింది చూశారా, కాలిన వాసన అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా అంచనా.

ఇలాంటి వైరుకు 100 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టడమంటే ఫ్యూజ్ లేనట్టే. పూర్తిగా షార్ట్ అయితే ఆ ఫ్యూజ్ కూడా పోవచ్చు. అసలు ప్రమాదం అరకొర షార్ట్‌లో ఉంది. తొడుగు కొంచెం చిరిగి, 80, 90 ఆంపియర్లు అలా పారుతూనే ఉంటే 100 ఫ్యూజ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈలోగా కార్పెట్ కింద తొడుగు కరగడం మొదలవుతుంది. షాపతను టెన్షన్ తీసేశానన్నాడు కానీ, నిజానికి తీసేసింది మీకున్న ఒకే ఒక్క హెచ్చరికను.

ఇంకొకటి కూడా గమనించండి. మీరు పంపిన ఫొటోలో ఆంప్ పక్కన రెండు ఆకుపచ్చ ఫ్యూజులు ఉన్నాయి. బ్లేడ్ ఫ్యూజుల్లో ఆకుపచ్చ 30 ఆంపియర్లు, పసుపు 20. పక్కనే ఆంప్ మీద “20×2” అని అచ్చు వేసి ఉంది. అంటే వాటిని కూడా మార్చారు. కొత్త పసుపు ఫ్యూజులు తెచ్చి పెట్టుకోండి, ఏ కారు విడిభాగాల కొట్లోనైనా దొరుకుతాయి.

మరి 40 ఫ్యూజ్ ఎందుకు పోయేది? ఆంప్ మీద రాసిన 300 వాట్లకు లెక్క వేద్దాం. ఇలాంటి ఆంప్‌లు తీసుకున్న కరెంటులో అరవై శాతం దాకా స్పీకరుకు ఇచ్చి, మిగతాది వేడి చేస్తాయి. 300 ఇవ్వాలంటే బ్యాటరీ నుంచి 500 వాట్లు లాగాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఓల్టేజ్ 13.8 దాకా ఉంటుంది కనుక, సుమారు 36 ఆంపియర్లు. 40 ఫ్యూజ్ సరిగ్గా సరిపోవాలి. పోతోందంటే ఆంప్ దాని శక్తికి మించి లాగుతోందన్నమాట.

ఎందుకు లాగుతోందో మీ వైరింగ్ ఫొటోలోనే ఉంది. సబ్ రెండు కాయిల్స్‌నీ పారలల్‌గా కలిపారు, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. రెండు 4 ఓమ్స్ అలా కలిస్తే 2 ఓమ్స్. దాన్ని బ్రిడ్జ్ చేసిన ఆంప్‌కి ఇచ్చారు. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానెల్‌కి కనిపించేది అందులో సగమే, 1 ఓమ్. స్టిక్కర్ ప్రకారం ఛానెల్‌కి 2 ఓమ్స్ కంటే తగ్గకూడదు, బ్రిడ్జ్‌లో 4 కంటే తగ్గకూడదు. ఆంప్ పొయ్యిలా కాలడం, ఆగిపోవడం, లైట్లు మసకబారడం చాలావరకు ఇక్కడినుంచే. లైట్లు మసకబారుతుంటే కెపాసిటర్ (కాస్త కరెంటు నిల్వ చేసి ఇచ్చే భాగం) పెట్టించుకోమని ఎవరైనా చెబుతారు. ముందు ఈ తప్పు సరిచేయకుండా అది కొనకండి.

సరిచేయడం చాలా తేలిక, ఖర్చు కూడా లేదు. కాయిల్స్‌ని సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలపాలి. ఆంప్ మీద బ్రిడ్జ్ ప్లస్ అని గుర్తున్న చోటినుంచి మొదటి కాయిల్ ప్లస్‌కి, మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి, రెండో కాయిల్ మైనస్ నుంచి ఆంప్ బ్రిడ్జ్ మైనస్‌కి. మొత్తం 8 ఓమ్స్ అవుతుంది. ఆంప్‌కి కలిపే ముందు మల్టీమీటర్‌తో చూడండి, 7 దగ్గర చూపిస్తుంది. కాయిల్ డీసీ రెసిస్టెన్స్ రాసినదానికంటే కొంచెం తక్కువే ఉంటుంది కాబట్టి కంగారు పడకండి. ఒక కాయిల్ తిరగేసి కలిపితే రెండూ ఒకదానికొకటి ఎదురు లాగి, బేస్ రాదు, కాయిల్ మాత్రం వేడెక్కుతుంది. బేస్ అసలు వినపడకపోతే సౌండ్ పెంచకుండా వెంటనే ఆపి చూసుకోండి.

8 ఓమ్స్‌కి పవర్ తగ్గిపోతుందని అంటారు. 300 బదులు 200 వాట్లు వస్తుంది, నిజమే. కానీ చెవికి ఆ తేడా రెండు డెసిబెల్స్ కూడా ఉండదు. మూసిన చిన్న కారులో 200 వాట్ల బేస్ అద్దాలు అదరడానికి చాలు. పైగా ఆంప్ చల్లగా ఉంటుంది, బ్యాటరీ నుంచి లాగేది 24 ఆంపియర్ల దగ్గరికి దిగుతుంది. మీ ఉత్తరంలోని కష్టాల్లో సగం ఈ ఒక్క మార్పుతో తీరిపోతాయి.

మిగిలినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఎర్త్, అంటే ఆంప్ నుంచి కారు బాడీకి కలిపే కనెక్షన్. మీ ఆంప్ నల్ల వైరుని వెనక సీటు బెల్టు బోల్టు కింద బిగించారు. పెయింట్ మీదే, గీకకుండా. కనెక్షన్ బాగా లేకపోవడం ఒక ఎత్తు, ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచే బోల్టుని విప్పి, మధ్యలో లగ్ (వైరు కొసకు తొడిగే లోహపు రింగు) పెట్టి మళ్లీ బిగించడం ఇంకో ఎత్తు. ఆ సీట్లో రేపు మీ అమ్మగారో, పెళ్లికూతురో కూర్చుంటారు. ఆ బోల్టుని కంపెనీ సర్వీస్ సెంటర్లో టార్క్ రెంచ్‌తో సరిగా బిగించమని అడగండి. ఎర్త్‌కి డిక్కీలో బాడీకి నేరుగా ఉన్న వేరే బోల్టు చూసుకోండి. చుట్టూ పెయింట్ గీకి మెరిసే లోహం కనిపించాక లగ్ పెట్టి, స్టార్ వాషర్‌తో బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు పూయండి. ఎర్త్ వైరు పాజిటివ్ వైరంత మందంగా, అర మీటరు లోపే ఉండాలి. కొత్త రంధ్రం మాత్రం వేయొద్దు. మీలాంటి కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది.

బ్యాటరీ దిగిపోవడానికి కారణం చిన్నది. ఆంప్ మీద “రెమ్” అని ఉన్న చోటికి స్టీరియో నుంచి సన్న వైరు రావాలి, స్టీరియో ఆన్ అయితేనే ఆంప్ ఆన్ కావడానికి. మీ షాపతను అక్కడే పక్కనున్న పాజిటివ్‌తో చిన్న ముక్క వైరు కలిపేశాడు. అందుకే రాత్రంతా ఆంప్ లైటు వెలుగుతూనే ఉంది. మీ కంపెనీ స్టీరియోకి రెమోట్ వైరు లేకపోతే, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి, ఫ్యూజ్ ట్యాప్‌తో (ఉన్న ఫ్యూజ్ చోటినుంచి అదనపు వైరు తీసే భాగం), ఒకటి రెండు ఆంపియర్ల చిన్న ఫ్యూజ్ పెట్టి తీసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ జోలికి, పసుపు రంగు కప్లర్ల జోలికి మాత్రం పోవద్దు.

ఇక మీ ముందున్న దారులు.

సొంతంగా చేసుకోవచ్చు. మల్టీమీటర్ వాడటం వచ్చునని, ఇంట్లో చిన్న చిన్న రిపేర్లు చేస్తారని రాశారు కాబట్టి మీ వల్ల కాని పని కాదు. ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. ఉన్న వైరు మొత్తం పీకేసి, 16 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు వేయండి. ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. కొనే ముందు కొస గీకి లోపల కూడా ఎర్రగా ఉందో లేదో చూసుకోండి. బ్యాటరీ దగ్గర కొత్త హోల్డర్‌లో 40 ఫ్యూజ్. లగ్‌లు సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. ఇనప గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచు వైరుని కోయకుండా కాపాడే రింగు) తప్పనిసరి, ఇంజన్ వైపు వైరుకు ఫ్లెక్సిబుల్ పైపు తొడగండి. స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చే సిగ్నల్ వైరు కారుకి ఒకపక్కగా, పవర్ వైరు రెండోపక్కగా లాగితే ఇంజన్‌తో పాటు పెరిగే ఈల శబ్దం రాదు. ఈ దారిలో లాభం ఏమిటంటే ఏ జాయింట్ ఎక్కడుందో మీకు తెలుస్తుంది. నష్టం కూడా ఉంది. పెళ్లి పనుల మధ్య తొందరలో చేస్తే ఏదో ఒకటి వదులుగా మిగిలిపోతుంది. ఆదివారం ఖాళీ దొరక్కపోతే ఎర్ర వైరు అలాగే విప్పి ఉంచి, పెళ్లయ్యాక మొదలుపెట్టండి.

వేరే షాపుకు ఇవ్వడం రెండోది. పాత షాపుకే వెళ్లి గొడవపడి అతనితోనే చేయించడం నాకు ఇష్టం లేదు. వాట్లు ఎన్నని కాకుండా ఎన్ని ఓమ్స్‌కి కలుపుతారు, ఫ్యూజ్ ఎంత పెడతారు, ఎర్త్ ఎక్కడ వేస్తారు అని ముందే అడగండి. సిరీస్, 40, గీకిన బాడీ అని తడుముకోకుండా చెప్పేవారికి ఇవ్వండి. పక్కనే నిలబడి కార్పెట్ మూసే ముందు ఫొటోలు తీసుకోండి, బిల్లు తీసుకోండి. ఖర్చు ఎక్కువైనా, నాన్నగారి ముందు అది మీ మాట కాకుండా పని తెలిసినవాడి మాట అవుతుంది. మీ ఇంటి పరిస్థితికి ఇదే నప్పుతుందేమో అనిపిస్తోంది నాకు.

పూర్తిగా తీసేయడం కూడా గౌరవమైన దారే. కానీ నాన్నగారు అన్నట్టు కోసి పారేయకూడదు. డిక్కీలో కోసి టేపు చుట్టి వదిలేస్తే, బ్యాటరీ నుంచి కరెంటున్న వైరు కారంతా అలాగే ఉండిపోతుంది. బ్యాటరీ వైపు నుంచే మొదలుపెట్టి వైరంతా లాగేయాలి, ఇనప గోడలో రంధ్రాన్ని మూతతో మూసేయాలి. లేకపోతే వానాకాలంలో నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి.

మధ్యస్థంగా ఇంకోటి ఉంది. సీటు కింద పట్టే, ఆంప్ లోపలే ఉన్న చిన్న సబ్. కరెంటు తక్కువ లాగుతుంది, డిక్కీ ఖాళీ అవుతుంది. 12 అంగుళాల దెబ్బ దానికి ఉండదు, పైగా కొత్తగా కొనాలి. పెళ్లి ఖర్చుల మధ్య దీన్ని నేను తొందరపెట్టను.

సబ్ ఉంచుకునేట్టయితే పెట్టె సంగతి కూడా చూడండి. పదిహేను, ఇరవై కిలోల పెట్టె డిక్కీలో ఊరికే కూర్చుంది. గట్టిగా బ్రేక్ వేస్తే అది వెనక సీటు మీదికే వస్తుంది. బెల్టులతో కట్టండి. ఆంప్ మీద దుప్పట్లు, పెళ్లి సామాన్లు పెట్టనివ్వొద్దు, దానికి గాలి ఆడాలి. అన్నవరం ప్రయాణానికి మాత్రం సామాన్ల కోసం పెట్టె ఇంట్లోనే దించేయడం మేలు. అప్పుడు ఆంప్ పవర్ ఫ్యూజ్ తీసి, స్పీకర్ వైర్ల కొసలకు టేపు చుట్టండి. పార్కింగ్‌లో ఇంజన్ ఆపి గట్టిగా పాటలు పెట్టుకుని కూర్చోవద్దని కూడా పిల్లలకు చెప్పండి. మీ 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ గంట తిరక్కుండా మొరాయిస్తుంది.

ఆంప్ మీది గెయిన్ నాబ్ గురించి ఒక మాట. అది వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. బేస్ బూస్ట్ సున్నా చేసి, లో పాస్ (ఆ పై శబ్దాలను సబ్‌కి పోకుండా ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సబ్ వైర్లు విప్పి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర ఉంచి, ఆంప్ అవుట్‌పుట్‌ని మల్టీమీటర్ ఏసీ ఓల్టేజ్‌లో చూడండి. 200 వాట్లని 8 ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే 40. మీటర్ 40 ఓల్టులు చూపించే దాకా గెయిన్ తిప్పి వదిలేయండి. దాన్ని మించితే సౌండ్ పగిలి కాయిల్ కాలుతుంది.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. బయట బిగించిన ఎలక్ట్రికల్ సామాన్లకు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు షరతు) ఉంది, కొంచెం అదనపు ప్రీమియం కడితే పాలసీలో చేరుతుంది. చెప్పకుండా ఉంచితే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి.

నాన్నగారితో ఎలా మాట్లాడాలని కూడా అడిగారు. “ఏం కాదు నాన్నా” అని మాత్రం అనకండి. ఆయన ముక్కుకు వాసన తగిలింది. ఆ ఉబ్బిన ఫ్యూజ్ హోల్డర్‌ని విప్పి ఆయన చేతిలో పెట్టండి. “మీరు బండి ఆపడం మంచిదయింది, ఇదిగో కారణం” అని చెప్పండి. తన డబ్బుతో కొన్న కారు తన చేతుల్లోంచి జారిపోయిందన్న బాధ ఆ కోపంలో ఎంతో కొంత ఉండి ఉంటుంది. అందుకు ఒక చిన్న ఏర్పాటు ఉంది. రెమోట్ వైరు మధ్యలో డ్యాష్‌బోర్డు కింద ఒక మామూలు స్విచ్ పెట్టండి. ఆ వైరులో పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిన్న స్విచ్ సరిపోతుంది. ఆయన నడిపేటప్పుడు అది ఆపితే ఆంప్ పూర్తిగా నిద్రపోతుంది. ఎప్పుడు వేయాలో ఆయన ఇష్టం.

బావగారి సామానులో తప్పేమీ లేదని అమ్మగారికి చెప్పండి, ఆయనకు కూడా చెప్పండి. మంచి సబ్, మంచి ఆంప్, కలిపిన తీరే తప్పు. తీసేయాలని నిర్ణయించుకున్నా, ముందు ఆయనకే ఫోన్ చేసి ఈ ఫొటోలు పంపితే నొచ్చుకునే అవకాశం తక్కువ.

పని అయ్యాక మొదటిసారి ఊళ్లోనే తిరగండి. ఇరవై నిమిషాలు మామూలు సౌండ్‌తో నడిపి ఆపండి. ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ లగ్, కార్పెట్ కింద వైరు ముట్టుకుని చూడండి, చల్లగా ఉండాలి. వారం తర్వాత లగ్ నట్లు మరోసారి బిగించండి. 40 ఫ్యూజ్ మళ్లీ పోతే ఇంకో 40 కూడా పెట్టకండి. ఎర్ర వైరు విప్పేసి, అప్పటి ఫొటోలతో నాకు మళ్లీ రాయండి.